బొజ్జ కొలవడం ఎలా? టేపు ఎక్కడ పెట్టాలి, ఏ అంకె దగ్గర జాగ్రత్త పడాలి

"నా బరువు సరిగ్గానే ఉంది, పొట్టే కాస్త ముందుకొచ్చింది, పర్వాలేదా?" ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. దాని వెనకే ఇంకొకటి: "ప్యాంటు సైజు 34. అంటే నా నడుము 34 అంగుళాలేగా?"

కాదు. ప్యాంటు మీద అంకె కుట్టినవాళ్లు వేసుకున్నది. ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. పైగా బొజ్జ ఉన్నవాళ్లు ప్యాంటును బొజ్జ కిందికి దించి తొడుక్కుంటారు. అక్కడ 34 ఉన్నా, నాలుగు వేళ్ల పైన 38 ఉండొచ్చు. మొదటి ప్రశ్నకూ టేపు పెట్టకుండా జవాబు చెప్పలేం.

కొలిచే ముందు తెలుసుకోవాల్సింది కొంచెమే. పొట్ట దగ్గర కొవ్వు రెండు చోట్ల చేరుతుంది. చర్మం కింద చేరేది వేళ్లతో పట్టుకుంటే మడతగా చేతికొస్తుంది. రెండోది లోపల, పేగుల చుట్టూ, కాలేయం దగ్గర పేరుకుంటుంది. అది చేతికి దొరకదు. షుగరుతో, బీపీతో, గుండెజబ్బుతో, ఫ్యాటీ లివర్‌తో ఎక్కువ చుట్టరికం ఈ లోపలిదానికే. టేపు ఈ రెండింటినీ విడదీసి చూపలేదు. అయినా చుట్టుకొలత పెరిగేకొద్దీ లోపలి కొవ్వూ పెరుగుతూ పోతుంది కాబట్టి, స్కానింగు లేకుండా ఇంట్లో దొరికే మంచి ఆనవాలు అదే.

బరువు తూచే మిషను ఈ సంగతి చెప్పదు. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పుణె వైద్యుడు యాజ్నిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ తమ ఫొటోనే పక్కపక్కన వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క) 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్నిక్‌కు 21.2 శాతం. మనవాళ్ల ఒంటి తీరు అది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే లెక్క కూడా ఇదే చెబుతుంది: బీఎంఐ ప్రకారం దేశంలో స్థూలకాయం ఉన్న పెద్దలు 28.6 శాతం, నడుము కొలత ప్రకారం చూస్తే 39.5 శాతం. అంటే బరువు కాటా "బాగానే ఉన్నావు" అని పంపించేసిన వాళ్లలో చాలామందిని టేపు పట్టుకుంటుంది.

ఏమేం కావాలి

- సాగని టేపు. దర్జీలు వాడే 150 సెం.మీ. టేపు చాలు. నడుము అంతకంటే ఎక్కువ ఉంటే 200 సెం.మీ.ది కొనండి.
- ఎత్తు కొలవడానికి వడ్రంగులు వాడే స్టీలు టేపు, ఒక గట్టి అట్ట పుస్తకం.
- ఒంటి మీద గుర్తు పెట్టడానికి బాల్‌పాయింట్ పెన్ను లేదా కాటుక పెన్సిల్.
- నిలువుటద్దం. అంతకంటే మంచిది, సాయం పట్టేందుకు ఇంట్లో ఒక మనిషి.
- రాసిపెట్టుకోవడానికి కాగితం.

వడ్రంగి టేపుతో నడుము కొలవకండి. అది ఒంటికి అతుక్కోదు, అంచులు కోసుకుంటాయి కూడా.

ముందు టేపునే పరీక్షించండి

చాలామంది వదిలేసేది ఇదే. పాత దర్జీ టేపు లాగీ లాగీ సాగిపోతుంది. సాగిన టేపు మీద గీతలు దూరం జరుగుతాయి కాబట్టి, అది మీ నడుమును ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. మనసుకు బాగుంటుంది, అంతే.

దర్జీ టేపునూ స్టీలు టేపునూ బల్ల మీద పక్కపక్కన పరిచి 100 సెం.మీ. గీతలు కలుస్తున్నాయా చూడండి. అర సెం.మీ. కంటే ఎక్కువ తేడా ఉంటే ఆ టేపు పారేయండి. స్టీలు టేపు లేకపోతే జిరాక్సు కాగితం తీసుకోండి. ఏ4 కాగితం పొడవు కచ్చితంగా 29.7 సెం.మీ. మూడుసార్లు వరసగా పెడితే 89.1 రావాలి. మనకు కావలసిన అంకెలు కూడా ఆ చుట్టుపక్కలే కాబట్టి ఈ పరీక్ష బాగా అక్కరకొస్తుంది.

ఇంకొకటి: టేపు కొసన ఉండే రేకు ముక్క. కొన్నిటిలో సున్నా రేకు అంచు నుంచే మొదలవుతుంది, కొన్నిటిలో రేకు దాటాక. ఏదో చూసుకోండి. టేపుకు రెండు పక్కలా అంకెలుంటాయి, రెండు కొసల నుంచీ మొదలవుతాయి. అవతలి కొస అంకె చదివి కంగారు పడినవాళ్లు ఉన్నారు.

ఎప్పుడు కొలవాలి

పొద్దున, కాలకృత్యాలయ్యాక, టిఫిన్‌కు ముందు. భోజనం చేసిన వెంటనే, గ్యాసుతో పొట్ట బిగుసుకున్నప్పుడు, నెలసరి రోజుల్లో వద్దు. ఒకటి రెండు సెం.మీ. తేలిగ్గా ఎక్కువ వస్తుంది. రాత్రి పెళ్లి భోజనం చేసొచ్చి మర్నాడు కొలిచినా అంతే, రెండు రోజులాగండి.

కొలిచే పద్ధతి

1. ఎత్తు. చెప్పులు విప్పి, కొప్పు ఉంటే విప్పేసి, గోడకు ఆనుకుని నిలబడండి. మడమలు, పిరుదులు, వీపు గోడకు తగలాలి. చూపు నేరుగా ముందుకు. పక్కవాళ్లు అట్ట పుస్తకాన్ని గోడకు ఆనించి, నడినెత్తిన తగిలేలా దించి, దాని కింద గోడ మీద గీత గీయాలి. నేల నుంచి ఆ గీత దాకా స్టీలు టేపుతో కొలవండి.

పెళ్లిచూపుల కోసం ఎప్పుడో చెప్పిన ఎత్తు వాడొద్దు. మరో పొరపాటు: 5 అడుగుల 6 అంగుళాలను 5.6 అని రాసి, దాన్ని 30.48తో గుణించడం. 170.7 సెం.మీ. వస్తుంది, అది తప్పు. అడుగులను 12తో గుణించి అంగుళాలు కలిపి (66), 2.54తో గుణిస్తే 167.6 వస్తుంది. ఫోనులో యాప్‌కు ఎత్తు ఇచ్చేటప్పుడు కూడా ఇదే తప్పు జరుగుతుంది.

2. రెండు ఎముకలు వెతకండి. బనియన్, చొక్కా తీసేయండి. నైటీ, చీర మీద నుంచి కొలిచింది లెక్కలోకి రాదు. చంక కింద నుంచి వేళ్లతో పక్కకు నొక్కుకుంటూ దిగండి. గట్టిగా తగులుతున్న పక్కటెముకల వరస ఒకచోట ఆగిపోయి మెత్తగా అవుతుంది. ఆ చివరి పక్కటెముక కింది అంచు దగ్గర చుక్క పెట్టండి.

ఇప్పుడు తుంటి ఎముక. చంటిబిడ్డను నడుం మీద ఎత్తుకుంటే బిడ్డ కూర్చునేది దాని మీదే, నీళ్ల బిందె ఆనేదీ దాని మీదే. నడుము పక్కన అరచేతి అంచుతో కిందికి నొక్కితే తగిలి ఆగుతుంది. దాని పై అంచు దగ్గర రెండో చుక్క. రెండు చుక్కలూ చంక నుంచి నేరుగా దిగే గీత మీదే ఉండాలి, పొట్ట వైపు కాదు.

ఒళ్లు బాగా ఉన్నవాళ్లకు ఎముకలు దొరకవు. అప్పుడు పక్కకు తిరిగి పడుకోండి, కండ వదులవుతుంది, వేళ్లు లోపలికి దిగుతాయి. గుర్తు పెట్టుకుని లేవండి. నిలబడ్డాక ఒకసారి సరిచూసుకోండి, చర్మం కిందికి జారి చుక్క కూడా జారి ఉండొచ్చు. కొలత మాత్రం నిలబడే తీసుకోవాలి.

3. నడిమధ్య గుర్తు. రెండు చుక్కల మధ్య దూరం కొలిచి సగంలో అడ్డగీత గీయండి. రెండు పక్కలా ఇలాగే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే నడుము ఇదే. బొడ్డు కాదు, ప్యాంటు బెల్టు చోటు కాదు, మొలతాడు చోటు అసలే కాదు. బొజ్జ పెరిగేకొద్దీ మొలతాడు కిందికి జారిపోతుంది. దాని బిగువు చూసి "నేనేం లావెక్కలేదు" అనుకునే మగవాళ్లు ఉన్నారు.

4. టేపు చుట్టడం. పాదాలు దగ్గరగా పెట్టి, బరువు రెండు కాళ్ల మీదా సమంగా మోపి నిలబడండి. గీతల మీదుగా టేపు చుట్టండి. చుట్టూరా నేలకు సమాంతరంగా ఉందో లేదో అద్దంలో పక్కకు తిరిగి చూడండి. ఒక్కరే కొలుచుకుంటే వెనకవైపు టేపు కిందికి జారుతుంది. పక్కన మనిషి కావాలనేది అందుకే. పొట్ట మడతపడి కిందికి వేలాడుతున్నవాళ్లు టేపును మడత కిందకు దూర్చకండి. పొట్ట మీదుగానే వెళ్లాలి.

5. ఊపిరి. రెండు మూడుసార్లు మామూలుగా ఊపిరి పీల్చి వదలండి. వదిలిన చివర, మళ్లీ పీల్చకముందు అంకె చదవాలి. టేపు ఒంటికి తగలగానే పొట్ట లోపలికి పీల్చుకోవడం అందరికీ అలవాటే. చాలామందికి తాము అలా చేస్తున్నట్టు కూడా తెలియదు. కొలిచేవాళ్లు మాట కలిపితే చాలు, మాట్లాడుతూ ఎవరూ పొట్ట బిగబట్టలేరు. మాట ముగిసి ఊపిరి వదిలినప్పుడు చదవండి. ఎదురు తప్పు కూడా ఉంది. ఊపిరంతా బలవంతంగా ఊదేస్తే పొట్ట కండ బిగుసుకుని కొలత తక్కువ వస్తుంది.

6. బిగువు. టేపు చర్మాన్ని తాకాలి, నొక్కకూడదు. తీసేశాక ఒంటి మీద గాడి కనిపిస్తే బిగించినట్టు. టేపుకూ ఒంటికీ మధ్య వెలుతురు కనిపిస్తే వదులైనట్టు. చేతులు రెండు పక్కలా వదిలేయాలి. కొలిచే మనిషి ఉంటేనే అది కుదురుతుంది.

7. రెండోసారి. టేపు పూర్తిగా తీసేసి, మళ్లీ చుట్టి కొలవండి. రెండు అంకెల మధ్య తేడా 1 సెం.మీ. లోపు ఉంటే సగటు తీసుకోండి. ఎక్కువ ఉంటే ఆ రెండూ కొట్టేసి, మరో రెండుసార్లు కొలవండి. 0.5 దాకా రాయండి. 89.5ను 90 అనీ, 90.5ను 90 అనీ రాస్తే తర్వాత మీకే తికమక.

8. తుంటి (కావాలంటే). పక్కనుంచి అద్దంలో చూస్తూ పిరుదులు బాగా ఎత్తుగా ఉన్నచోట టేపు చుట్టండి. పల్చటి లోదుస్తు ఒక్కటే ఉండాలి. జేబులో పర్సు, ఫోను ఉంచుకుని తుంటి కొలిపించుకునేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది కానీ, లెక్క మాత్రం పాడవుతుంది.

టేపు లేనివాళ్లకు: పురికొస పద్ధతి

సాగని పురికొస ఒకటి మీ ఎత్తుకు సరిగ్గా కత్తిరించండి. దాన్ని సగానికి మడవండి. మడత పెట్టిన ఆ సగం పొడవును, పైన చెప్పిన నడిమధ్య గుర్తుల మీదుగా నడుం చుట్టూ తిప్పండి. రెండు కొసలూ కలిసి ఇంకా కొంచెం మిగిలితే మంచిదే. కలవకపోతే నడుము ఎత్తులో సగం దాటినట్టు. అంకెలు చదవడం రాని పెద్దవాళ్లకు, ఊళ్లో ఒకేసారి పదిమందికి చూడాలనుకునేవాళ్లకు ఇంతకంటే తేలికైనది లేదు. లాస్టిక్ దారం, ఉన్ని వాడొద్దు, సాగుతాయి.

అంకె వచ్చింది, ఇప్పుడేం చూడాలి

*నడుము కొలత.* భారతీయుల కోసం 2009లో మన వైద్య నిపుణులు కలిసి నిర్ణయించిన మెట్లు ఇవి:

- పురుషులు: 78 సెం.మీ. దాటితే తిండి, నడక విషయంలో జాగ్రత్త మొదలుపెట్టాలి. 90 (సుమారు 35.4 అంగుళాలు) చేరితే వైద్యుణ్ని కలవాలి.
- స్త్రీలు: 72 దాటితే జాగ్రత్త. 80 (31.5 అంగుళాలు) చేరితే వైద్యుణ్ని కలవాలి.

వెతికితే మీకు 102, 88 అనే అంకెలు (40, 35 అంగుళాలు) కూడా కనిపిస్తాయి. అవి అమెరికా లెక్కలు. మనవాళ్లకు అంతకంటే చాలా ముందే ముప్పు మొదలవుతుంది. విదేశీ యాప్ "మీరు సేఫ్" అని పచ్చరంగు చూపిస్తే, అది ఏ లెక్క వాడుతోందో చూడండి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. దేశం మారినా ఒళ్లు మారదు. అక్కడి డయాబెటిస్ సంఘం కూడా ఆసియా మూలాలున్నవాళ్లకు బీఎంఐ 25 దాకా ఆగకుండా 23 నుంచే షుగరు పరీక్ష గురించి ఆలోచించమంటుంది. మీ డాక్టరుకు ఆ మాట గుర్తు చేయడంలో తప్పులేదు.

*నడుము ÷ ఎత్తు.* రెండూ ఒకే కొలమానంలో ఉండాలి. నడుము అంగుళాల్లో, ఎత్తు సెంటీమీటర్లలో వేసి భాగిస్తే 0.2 లాంటి వింత అంకె వస్తుంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ 2022లో ఇచ్చిన మెట్లు ఆడ, మగ అందరికీ ఒకటే:

- 0.4 నుంచి 0.49: ఫర్వాలేదు
- 0.5 నుంచి 0.59: ముప్పు పెరిగింది
- 0.6, ఆ పైన: ముప్పు బాగా ఎక్కువ

నోటి లెక్కకు అంగుళాలే సుఖం. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలంటే 62, సగం 31. నడుము 31 అంగుళాల లోపు ఉండాలి. 5 అడుగుల 6 అంగుళాలకు 33.

*నడుము ÷ తుంటి.* పురుషులకు 0.90, స్త్రీలకు 0.85 చేరితే ముప్పు కింద లెక్క. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ఈ కొలతనే తీసుకుంది. 15-49 ఏళ్ల స్త్రీలలో 56.7 శాతం, పురుషులలో 47.7 శాతం ఈ గీత దాటారు. సర్వేలకు పనికొస్తుంది కానీ, ఇంట్లో నెలనెలా చూసుకోవడానికి మేం దీన్ని సిఫారసు చేయం. రెండు కొలతల్లో రెండు తప్పులు కలుస్తాయి. పైగా సన్నబడేటప్పుడు నడుమూ తుంటీ కలిసి తగ్గితే భాగహారం అక్కడే ఉండిపోతుంది. మనిషి నిజంగా బాగుపడుతున్నా కాగితం మీద కనిపించదు.

అంకెలు ఒకదానితో ఒకటి పొసగకపోతే

ఇది తరచూ జరుగుతుంది. మూడు కొలతలు చూడండి.

మొదటిది, 168 సెం.మీ. ఎత్తు, 64 కిలోల మగమనిషి. బీఎంఐ 22.7, మన లెక్కలో 23 లోపే కాబట్టి మామూలు. నడుము 92. ఎత్తుతో భాగిస్తే 0.55. కాటా దాటించేసింది, టేపు రెండు విధాలా పట్టుకుంది. "బరువు సరిగ్గానే ఉంది, పొట్టే" అని అడిగే మనిషి ఇతనే. టేపు చెప్పిందే వినాలి.

రెండోది, 152 సెం.మీ. ఎత్తున్న స్త్రీ, నడుము 79. 80 దాటలేదు కానీ 79ని 152తో భాగిస్తే 0.52. పొట్టిగా ఉన్నవాళ్ల విషయంలో 80 అనే గీత ఆలస్యంగా హెచ్చరిస్తుంది. ఎత్తు లెక్కే నమ్మండి.

మూడోది, 183 సెం.మీ. ఎత్తు, నడుము 91. సగం కంటే తక్కువే (0.497), కానీ 90 దాటింది. ఇక్కడ కంగారు అక్కర్లేదు, వదిలేయనూ కూడదు. బీపీ, షుగరు ఒకసారి చూపించుకోండి. అవి మామూలుగా ఉంటే మూడు నెలలాగి మళ్లీ కొలవండి.

ఒక్క మాటలో, రెండింటిలో ఏది ముందు హెచ్చరిస్తే దాన్ని పట్టుకోండి. నచ్చిన అంకెను ఏరుకోకండి.

ఎక్కువగా జరిగే తప్పులు

*లంగా బొందు గాడి.* ఏళ్ల తరబడి చీర కట్టేవాళ్లకు బొందు ఒరుసుకుని నడుం చుట్టూ ఒక గాడి పడుతుంది. టేపు వదలగానే అందులోకి జారి కూర్చుంటుంది. గాడి అంటేనే ఒళ్లు నొక్కుకుపోయిన చోటు కాబట్టి కొలత తక్కువ వస్తుంది. నడిమధ్య గుర్తు ఎక్కడుందో చూసి టేపును అక్కడే ఉంచండి. కొలిచే ముందు పది నిమిషాలు వదులైన బట్టల్లో ఉంటే ఇంకా మంచిది.

*బొడ్డు మీద కొలవడం.* బొడ్డు ఎముక కాదు, పొట్టతో పాటు కదులుతుంది. పొట్ట జారినవాళ్లకు బొడ్డు తుంటి ఎముక కంటే కిందికి దిగిపోతుంది. ఈ నెల, వచ్చే నెల ఒకే చోట కొలిచారన్న భరోసా ఉండదు.

*దర్జీ కొలతను తెచ్చి లెక్క వేయడం.* దర్జీ కొలిచేది బట్ట ఎక్కడ నిలవాలో అక్కడ. వదులు కోసం ఓ వేలు కూడా దూరుస్తాడు. అతని పనికి అది సరే, మన పనికి కాదు.

*వేరే వేరే పద్ధతులు కలపడం.* కొన్ని ఆసుపత్రుల్లో తుంటి ఎముక పైఅంచునే టేపు పెడతారు. అదీ ఒక పద్ధతే. కానీ అక్కడి అంకెనూ ఇంటి అంకెనూ పక్కపక్కన పెట్టి "వారంలో 3 సెం.మీ. పెరిగింది" అనుకోవద్దు. ఎక్కడ కొలిచారో కాగితం మీద అంకె పక్కనే రాయండి.

*కొవ్వు శాతం చూపే కాటాలు.* కాళ్లు పెట్టగానే "లోపలి కొవ్వు 11" అని చూపిస్తాయి. అరికాళ్ల నుంచి సన్నటి కరెంటు పంపి వేసే అంచనా అది. నీళ్లు తాగినా, చెమట పట్టినా మారుతుంది. సరిగ్గా పెట్టిన యాభై రూపాయల టేపు దానికంటే నయం.

ఎవరు కొలవకూడదు

గర్భిణులకు ఈ లెక్కలేవీ వర్తించవు. కాన్పయిన కొత్తలో, పొట్ట ఆపరేషన్ అయిన కొత్తలో, పెద్ద హెర్నియా ఉన్నప్పుడు కూడా అంకెకు అర్థం ఉండదు. నడుము వంగిపోయిన పెద్దవాళ్ల ఎత్తు తగ్గి ఉంటుంది, భాగహారం ఎక్కువ చూపిస్తుంది. వాళ్లకు నడుము అంకె ఒక్కటే చూడండి. పిల్లలకు 90, 80 గీతలు పనికిరావు. ఐదేళ్లు దాటిన పిల్లల్లో నడుము ఎత్తులో సగం దాటిందా అనేది చూడొచ్చు, ఆపై మాట పిల్లల డాక్టరుదే. పిల్లల్ని పదిమందిలో నిలబెట్టి కొలవకండి.

ఇక ఒక హెచ్చరిక. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి, పొట్ట ఒక్కటే కొద్ది వారాల్లో ఉబ్బిపోతే అది కొవ్వు కాకపోవచ్చు. కాళ్ల వాపు, కళ్లు పచ్చబడడం తోడైతే పొట్టలో నీరు చేరిందేమో చూడాలి. స్త్రీలకు ఉబ్బరం వారాల తరబడి తగ్గకపోయినా అంతే. టేపు పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

గీత దాటితే తర్వాతి పని

ముందు షుగరు ముప్పు ఎంతుందో కాగితం మీదే లెక్క వేసుకోవచ్చు. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ 2005లో ఇచ్చిన లెక్క ఇది, మన నడుములను చూసి తయారుచేసింది:

- వయసు: 35 లోపు 0, 35-49 అయితే 20, 50 నుంచి 30
- నడుము: పురుషులకు 90 లోపు 0, 90-99 అయితే 10, 100 నుంచి 20. స్త్రీలకు 80 లోపు 0, 80-89 అయితే 10, 90 నుంచి 20
- శ్రమ: ఒళ్లొంచి పని, వ్యాయామం రెండూ ఉంటే 0. ఏదో ఒకటే ఉంటే 20. కూర్చుని చేసే పని, వ్యాయామం లేదంటే 30
- అమ్మానాన్నల్లో షుగరు: ఎవరికీ లేకపోతే 0, ఒకరికుంటే 10, ఇద్దరికీ ఉంటే 20

మొత్తం 60 వచ్చినా దాటినా ముప్పు ఎక్కువ. 42 ఏళ్లు, నడుము 94, ఆఫీసు కుర్చీ ఉద్యోగం, నాన్నకు షుగరు: 20+10+30+10, అంటే 70. ఈ 70లో వయసునూ నాన్ననూ మార్చలేరు. శ్రమ దగ్గరున్న 30ని 20 చేయడం మాత్రం రోజూ నడిస్తే అయ్యే పని. నడుమును 90 లోపుకు తెస్తే ఇంకో 10 పోతుంది. 50కి దిగుతుంది.

స్కోరు ఎంతైనా సరే, నడుము గీత దాటినవాళ్లు ఈ నాలుగూ చూపించుకోండి: బీపీ, పరగడుపు షుగరు, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు), హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్). బీపీ 130/85, పరగడుపు షుగరు 100, ట్రైగ్లిజరైడ్లు 150 చేరాయా చూడండి. హెచ్‌డీఎల్ ఎదురు లెక్క: పురుషులకు 40 కంటే, స్త్రీలకు 50 కంటే తగ్గకూడదు. నడుముతో కలిపి ఈ ఐదింట్లో మూడు తప్పితే డాక్టర్లు దాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. పరగడుపు షుగరు 126, లేదా హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) 6.5 చేరితే అది షుగరు జబ్బు కిందికే వస్తుంది, మరోసారి పరీక్షతో ఖాయం చేస్తారు. మీ ఇంటికి వచ్చే ఆశా కార్యకర్త ముప్పై దాటినవాళ్లకు నింపే ఫారంలో కూడా నడుము కొలత గడి ఉంటుంది. మీరు సరిగ్గా కొలిచి రాసుకున్న అంకె ఉంటే ఆమెకూ చూపించండి.

నెలనెలా చూసుకునేటప్పుడు

నెలకు ఒకసారి చాలు, అదే పొద్దుటి వేళ, అదే టేపు, వీలైతే కొలిచే చెయ్యి కూడా అదే. రోజూ కొలిస్తే అన్నం, నీళ్లు, గ్యాసు తెచ్చే హెచ్చుతగ్గులే కనిపిస్తాయి. ఒకసారికీ మరోసారికీ 1 సెం.మీ. తేడా వస్తే సంతోషమూ వద్దు, దిగులూ వద్దు. వరసగా మూడు నెలలు ఒకే వైపు జరిగితేనే అది మార్పు.

ఉరమరగా కిలో బరువు తగ్గితే నడుము ఒక సెం.మీ. తగ్గుతుంది. కాబట్టి "నెలలో నాలుగు అంగుళాలు" అనే ప్రకటన చూస్తే, పది కిలోలు ఎలా పోతాయో అడగండి. పొట్టకు వేడి బెల్టు కట్టుకుంటే పోయేది చెమట. సాయంత్రానికి మంచినీళ్లతో తిరిగొస్తుంది. పొట్ట వ్యాయామాలు కండను గట్టి చేస్తాయి, దాని మీదున్న కొవ్వును ఏరి తీసేయవు.

ఒక్కోసారి బరువు కదలకుండా నడుము రెండు సెం.మీ. తగ్గుతుంది. నడక, బరువులెత్తడం మొదలుపెట్టిన మొదటి రెండు మూడు నెలల్లో ఇది మామూలే. కాటా చూసి మానేయకండి.

ఏమీ చేయకుండానే నడుము వదులవుతుంటే మాత్రం, పైగా దాహం, మాటిమాటికీ మూత్రం, నీరసం తోడైతే, వచ్చే నెల దాకా ఆగొద్దు. ఆ రోజే షుగరు చూపించుకోండి.